హైబర్నేట్ వచ్చాక జాయిన్లు నేర్చుకోవాలా?

ప్రశ్న: తిరుపతిలో ఎంసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది దామలచెరువు. మామిడి మండీ కాటా చీటీల లెక్కలు చూసే ప్రాజెక్టును జావాలో స్ప్రింగ్ బూట్ (వెబ్ యాప్‌లు కట్టే సాధనం), హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లతో కలిపే సాధనం) వాడి చేశాను. మొన్న ఇంటర్వ్యూలో 'చీటీల పేజీ తెరిస్తే డేటాబేస్‌కు ఎన్ని క్వెరీలు (డేటా అడిగే ఆదేశాలు) వెళ్తాయి?' అని అడిగారు. నోరు పెగల్లేదు. ఎస్‌క్యూఎల్‌ను తానే రాసిపెట్టే హైబర్నేట్ లాంటి ఓఆర్‌ఎం ఉండగా, డేటాబేస్‌ను అడిగే ఆ ఎస్‌క్యూఎల్ భాష మీద, అందులోని జాయిన్ల మీద ఇంకా టైం పెట్టాలా? నెలలో మరో డ్రైవ్ ఉంది.

జవాబు: పెట్టాలి. మిమ్మల్ని అడిగిన ప్రశ్నలోనే కారణం ఉంది.

మీ ప్రాజెక్టునే చూద్దాం. రైతులది ఒక టేబుల్, చీటీలది ఒకటి. చీటీలో రైతు నంబరే ఉంటుంది, పేరుండదు. పేజీలో వంద చీటీలు, వందమంది వేర్వేరు రైతుల పేర్లు చూపించాలనుకోండి. చీటీలన్నీ తెమ్మని మీరు ఒక్క మాట రాస్తారు. హైబర్నేట్ ముందు చీటీలు తెచ్చి, తర్వాత ఒక్కో రైతు కోసం విడిగా వెళ్తుంది. మొత్తం 101 క్వెరీలు. ఒక్కో చీటీకీ ఆఫీసు గదికి పోయి పేరు కనుక్కొని వచ్చే గుమాస్తాను మీ మండీలో ఎన్ని రోజులు ఉంచుతారు?

దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు. చాలా చీటీలకు ఒకే రైతు ఉండగల ఇలాంటి మెనీ టు వన్ సంబంధానికి, హైబర్నేట్ పాటించే జావా ప్రమాణం జేపీఏలో డిఫాల్ట్ ఈగర్, అంటే చీటీతోపాటే రైతునూ తెచ్చేయడం. దాన్ని లేజీ (అడిగినప్పుడే తెచ్చేలా) చేస్తే సరిపోతుందని చాలామంది పొరబడతారు. పేరు అడిగిన క్షణాన మళ్లీ అదే తిరుగుడు. ఈలోపు సెషన్ (డేటాబేస్‌తో హైబర్నేట్ సంభాషణ) మూసుకుపోతే ఏకంగా ఎర్రర్. లేజీగానే ఉంచి, పేర్లు కావలసిన ఆ ఒక్క క్వెరీలో జాయిన్ ఫెచ్ రాయండి. 101 కాస్తా 1 అవుతుంది. అయితే జాయిన్ అంటే, అంటే రెండు టేబుళ్ల వరుసలను కలపడమంటే, ఏమిటో తెలియకుండా ఇది రాయలేరు. రేపు పైథాన్ కంపెనీలో చేరినా అక్కడి వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్ చేసేది ఈ పనే.

ఫీల్డ్ యాక్సెస్ గురించి కూడా అడుగుతారు. ఐడీ అనోటేషన్ (ప్రైమరీ కీ ఏదో చెప్పే గుర్తు) ఫీల్డ్ మీద, అంటే క్లాసులోని వేరియబుల్ మీద పెడితే హైబర్నేట్ నేరుగా ఫీల్డ్‌నే చదువుతుంది. గెటర్ (ఆ విలువను ఇచ్చే మెథడ్) మీద పెడితే గెటర్, సెటర్ల దారిన పోతుంది. ఐడీ ఫీల్డ్ మీద, జాయిన్ కాలమ్ (ఏ కాలమ్‌తో కలపాలో చెప్పే గుర్తు) గెటర్ మీద పెట్టి, పనిచేయట్లేదని రాత్రంతా కూర్చునే పిల్లల్ని ఏటా చూస్తుంటాను. ఆ రెండోదాన్ని హైబర్నేట్ చూడనే చూడదు. ఇంకో తిరకాసు: గెటర్ దారి ఎంచుకుని, అందులో పేరు చివరి ఖాళీలు కత్తిరించారనుకోండి. విలువ మారిందనుకుని అడక్కుండానే అప్‌డేట్ పంపేస్తుంది. నా ఓటు ఫీల్డ్‌కే.

నెల చాలు. మొదటి రెండు వారాలు హైబర్నేట్ ముట్టుకోకండి. ఆ రెండు టేబుళ్ల మీదే ఇన్నర్, లెఫ్ట్ జాయిన్లు చేత్తో రాయండి. ఒక్క చీటీ కూడా లేని రైతు ఏ జాయిన్‌లో కనిపిస్తాడో చూసుకోండి, ఇది తరచూ అడుగుతారు. తర్వాత షో ఎస్‌క్యూఎల్ (పంపే క్వెరీలను చూపే సెట్టింగ్) ఆన్ చేసి, మీ ప్రాజెక్టులో ప్రతి పేజీకీ ఎన్ని క్వెరీలు పోతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి.

రెజ్యూమెలో 'హైబర్నేట్‌లో ప్రావీణ్యం' అని ఉంటే కొట్టేయండి. ఆ చోట చీటీల పేజీలో ముందు ఎన్ని క్వెరీలు ఉండేవో, ఇప్పుడు ఎన్నో, మీరు లెక్కపెట్టిన అంకెలు రాయండి.