పారిస్ రాత్రి షో ఎగ్గొట్టిన టూర్ కంపెనీ మీద గుంటూరులో కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మా కుటుంబం నలుగురం ముంబయి కంపెనీ ఒకదానికి 11.6 లక్షలు బ్యాంకు ద్వారా కట్టి, నిరుడు మే నెలలో 12 రోజుల యూరప్ గ్రూప్ టూర్‌కి వెళ్లొచ్చాం. పారిస్ రోజున ఐఫెల్ టవర్ పై అంతస్తు, లూవ్ర్ మ్యూజియం, రాత్రి దీపాల వెలుగులో నగరం చూపిస్తామని బ్రోషర్‌లో రాశారు. మూలాన్ రూజ్ అనే పేరున్న నృత్య ప్రదర్శనశాలలో రాత్రి షోకి టూర్ మేనేజర్ తలా 150 యూరోలు నగదుగా తీసుకున్నారు, రసీదు లేదు. తీరా చూస్తే టవర్ రెండో అంతస్తుతో సరిపెట్టారు. మంగళవారం కాబట్టి మ్యూజియం మూసి ఉంది. ఉదయం 8కి బయల్దేరిన బస్సు, డ్రైవర్ టైమ్ అయిపోయిందంటూ రాత్రి నేరుగా హోటల్‌కి తీసుకెళ్లింది. షో డబ్బూ ఇవ్వలేదు. కార్యక్రమం మార్చే హక్కు తమకుందని, కేసు ముంబయిలోనే వేయాలని అంటున్నారు. మాకు దారేది?

జవాబు: కేసు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట కూడా కేసు నడుస్తుంది. ‘ముంబయి కోర్టులకే పరిధి’ అని కంపెనీ ఫారంలో అచ్చేసుకున్నంత మాత్రాన చట్టం ఇచ్చిన ఆ హక్కు పోదు. వివాదం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న నిబంధన ఉన్నా అడ్డం కాదు. చెల్లించిన ధర 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ చాలు. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకి ఫీజు 400 రూపాయలు. యూరప్‌లో ప్యాకేజీ టూర్లకు గట్టి చట్టమే ఉంది గానీ, భారతదేశంలో భారతీయులకు అమ్మిన టూర్‌కి సాధారణంగా అది వర్తించదు. దాని జోలికి వెళ్లకండి.

ఇక అసలు విషయం. కార్యక్రమం మారడం ఒక్కటే సేవాలోపం కాదు. మార్పుకి కారణం ఆ రోజు అనుకోకుండా వచ్చిందా, టూర్ అమ్మేనాటికే కంపెనీకి తెలిసి ఉండాల్సిందా అన్నదే కమిషన్ చూస్తుంది. అందుకే మీ నాలుగు ఫిర్యాదుల్నీ ఒకే గాటన కట్టకూడదు.

అన్నిటికంటే బలమైనది రాత్రి కార్యక్రమం. యూరోపియన్ యూనియన్ నిబంధన 561/2006 ప్రకారం బస్సు డ్రైవర్‌కి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి. రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లు మాత్రం దాన్ని 9 గంటలకి తగ్గించుకోవచ్చు. ఉదయం 8కి డ్యూటీ ఎక్కితే మామూలుగా రాత్రి 9కి దిగిపోవాలి, తగ్గించుకున్నా 11కి. మే నెలలో పారిస్‌లో పొద్దుగూకేదే 9 దాటాక. అంటే దీపాలు వెలిగే సరికి డ్రైవర్ గంటలు అయిపోతాయని కాగితం మీదే తెలుస్తోంది. బస్సును ఆలస్యంగా తియ్యాలి, లేదా రాత్రికి వేరే బండి, వేరే డ్రైవర్‌ని పెట్టాలి. ఆ ఏర్పాటు చెయ్యకుండా డబ్బు తీసుకోవడం సేవాలోపమే. తగ్గించిన విశ్రాంతి వాడుకుని ఉండొచ్చుగా అన్న ప్రశ్న వస్తుంది కాబట్టి, ఆ వారం డ్రైవర్ డ్యూటీ రికార్డు తెప్పించమని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద దరఖాస్తు పెట్టండి.

ఐఫెల్ టవర్ విషయంలో టికెట్టే సాక్షి. ఏ అంతస్తుకి కొన్నారో దాని మీదే ఉంటుంది. పై అంతస్తుకి కొన్నాక గాలి వల్లో రద్దీ వల్లో మూసేస్తే తప్పు కంపెనీది కాదు, తేడా సొమ్ము మాత్రం అడగవచ్చు. మొదటే రెండో అంతస్తుకి కొని ఉంటే బ్రోషర్‌లో చెప్పింది అబద్ధం, అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఇటీవలి ధరల్లో ఈ తేడా పెద్దవాళ్లకి తలా 12, 13 యూరోలు, అంతే. మీ దగ్గర టికెట్ ఫొటో లేకపోతే తోటి ప్రయాణికుల్ని అడగండి.

లూవ్ర్‌కి ప్రతి మంగళవారం సెలవే, అది కంపెనీకి ముందే తెలిసి ఉండాలి. లోపల చూపిస్తామని రాసి ఉంటే అదీ సేవాలోపమే. అయితే బ్రోషర్ మళ్లీ చదవండి: ‘ఫొటో స్టాప్’ అని ఉంటే బయటి నుంచి చూపడమే ఒప్పందం, ఆ ఫిర్యాదు వదిలేయండి. బలహీనమైనది ఒకటి పక్కన చేరితే గట్టివి కూడా పలచబడతాయి.

షో డబ్బుకి రసీదు లేదని దిగులుపడకండి. డబ్బు అడుగుతూ మేనేజర్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్, మీరు అక్కడ నగదు తీసినట్టు చూపే ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ కార్డు) స్టేట్‌మెంట్, అలాగే డబ్బు కట్టిన ఇద్దరు ముగ్గురు ప్రయాణికుల అఫిడవిట్లు కలిస్తే సరిపోతుంది. వాట్సాప్ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేస్తే అభ్యంతరాలు రావు. మెసేజ్‌లున్న ఫోన్ మార్చకండి. మేనేజర్ తమ ఉద్యోగి కాదనీ, బస్సు అక్కడి ఆపరేటర్‌దనీ కంపెనీ వాదిస్తుంది. టూర్ మొత్తానికి ఒకే ధర చెప్పి ఇన్‌వాయిస్ ఇచ్చింది కంపెనీయే కాబట్టి జవాబుదారీ కూడా దానిదే.

ఎంత అడగాలి? 11.6 లక్షలూ వెనక్కి అడిగితే ఫిర్యాదు మీద నమ్మకం తగ్గుతుంది. మిగతా రోజుల సేవలు మీరు పొందారు కదా. షోకి 600 యూరోలు, టవర్ తేడా, రాత్రి దర్శనం విలువ, వీటి మీద వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా రాయండి. టూర్‌పై వసూలైన టీసీఎస్ (కంపెనీ మీ దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) నష్టంలో కలపకండి, అది రిటర్నులో మీ పన్నుకి సర్దుబాటవుతుంది. కార్యక్రమం మార్చే హక్కు తమకుందన్న కంపెనీ నిబంధన అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమని కూడా అడగకండి, ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌దీ ఆపైవారిదీ. జిల్లాలో సేవాలోపం మీదే నిలబడండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు చట్టరీత్యా తప్పనిసరి కాదు, కానీ కంపెనీ ఇచ్చే రాతపూర్వక కారణమే తర్వాత మీకు ఆధారం. ఫిర్యాదుకి గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. నోటీసులూ హెల్ప్‌లైన్ సంప్రదింపులూ దాన్ని పొడిగించవు. కాబట్టి ఆ పారిస్ రాత్రి తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఈలోగా వచ్చే టూర్‌లో తగ్గింపు కూపన్ ఇస్తామంటూ ‘పూర్తి పరిష్కారం’ అన్న కాగితం పంపితే, మీ సొమ్ము ఖాతాలో పడేదాకా దాని మీద సంతకం పెట్టకండి.