గోడ మీద ఎవరి బొమ్మ?

ప్రశ్న: మా బస్తీ గోడలపై బొమ్మలు వేస్తామని చిత్రకారులు వచ్చారు. మేము చూస్తూ ఊరుకోవాలా, చెయ్యి కలపవచ్చా?
– ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: ఊరుకోకండమ్మా! లాస్ ఏంజెలెస్‌లో వరద కాలువ గోడపై చిత్రకారిణి జూడీ బాకా 1976లో మొదలుపెట్టిన చిత్రం దాదాపు అర మైలు పొడవుంటుంది. 400 మందికి పైగా కుర్రకారు, వాళ్ల కుటుంబాలు అందులో పాలుపంచుకున్నారు.

నా సంగతి చెబుతాను. మా వీధి గోడపై పాత బావిని, గిలకను ముచ్చటగా గీశాను. ఎదురింటి మామ్మగారు చూసి, "గిలక అంచు విరిగి ఉండేది నాయనా, తాడు అక్కడే జారేది" అన్నారు. రోషం వచ్చింది కానీ, చెరిపి మళ్లీ వేశాను. ఇప్పుడు అందరూ ముందు చూసేది ఆ విరుగునే!

అందుకే కుంచె కన్నా ముందు పెద్దవాళ్ల చేత కబుర్లు చెప్పించండి. గీతలు చిత్రకారులు గీస్తే రంగులు మీరు నింపండి. అన్నట్టు, గోడకు చెమ్మ ఉందేమో చూసుకోండి. ఉంటే తొలి వానలకే రంగు పొలుసులుగా ఊడుతుంది.