ఏడో గదిలోని చేతులు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. రచ్చబండ దగ్గర కుర్రాణ్ణి కొట్టే ఘట్టం రెండు పేజీలు సాగింది. కొట్టినవాళ్ళు నలుగురు. నలుగురికీ పేర్లు, మీసాలు, పాత పగలు ఇచ్చావు. దెబ్బలు తిన్నవాడే నాకు కనబడలేదు.

నీకో బొమ్మ సంగతి చెబుతాను. ఇటలీలో, ఫ్లోరెన్స్ నగరంలో సాన్ మార్కో అనే పాత మఠం ఉంది. ఇప్పుడది మ్యూజియం. 1440 ప్రాంతంలో ఫ్రా ఆంజెలికో అనే డొమినికన్ సన్యాసి, తన సహాయకులతో కలిసి అక్కడి సన్యాసుల గదుల్లో తడి సున్నం మీద బొమ్మలు వేశాడు. ఏ గదిలో ఉండేవాడు ఆ గది బొమ్మ ముందే రోజూ ధ్యానం చేసుకోవాలి.

ఏడో గదిలో క్రీస్తును అవమానించే ఘట్టం. తెల్లబట్టల్లో కూర్చున్నాడాయన, కళ్ళకు పల్చని గంతలు. చుట్టూ సైనికులు మూగాల్సిన చోట ఒక్కడూ లేడు. గాలిలో ఉత్త చేతులు! ఒకటి చెంపదెబ్బకు లేచింది, ఇంకొకటి కర్ర పట్టుకుంది. ఒక తల మాత్రం ఉమ్మేస్తోంది, పైగా వెటకారంగా టోపీ ఎత్తుతూ. మొదటిసారి ఫోటోలో చూసి, గోడ పెచ్చులూడి మనుషులు పోయారేమో అనుకున్నాను. కాదు, వేయడమే అలా వేశాడు. ఆ కథ సన్యాసులకు కంఠతా వచ్చు. కొట్టినవాడి మొహంతో వాళ్ళకేం పని?

ఆడంబరం చేతకాక కాదు. అదే మఠం చర్చికి, ఆ ఊరి సంపన్నులైన మెడిచి కుటుంబం డబ్బుతో, బంగారమూ తివాచీలూ బారులు తీరిన పునీతులతో పెద్ద బలిపీఠ చిత్రం వేసిందీ ఆయనే. అక్కడ చూసేవాళ్ళు వేరు.

ఏడో గది బొమ్మలోనే కింది భాగంలో ఇద్దరు కూర్చుని ఉంటారు, మరియమాత, ఈ డొమినికన్ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన పునీత డొమినిక్. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడరు. 1221లో పోయిన డొమినిక్‌కు క్రీస్తు కాలంలో ఏం పని? ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాడు. గదిలోని సన్యాసి కూర్చోవాల్సిన చోటది. నీ కథలో చదివేవాడికి అలాంటి చోటు లేదు. నువ్వే అడ్డం నిలబడి ప్రతి దెబ్బకూ 'అయ్యో' అంటున్నావు. నేనూ చాన్నాళ్ళు అలాగే రాశాను. ఒక సంపాదకుడు నా 'అయ్యో'లన్నీ కొట్టేస్తే నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నలుగురి పేర్లూ తీసెయ్. కొట్టే చేతి వెండి కడియం మణికట్టు మీదికి జారిందని రాశావే, అది ఉంచు. ఆ కుర్రాడి అమ్మ తలెత్తకుండా బియ్యం ఏరడం కథ చివర ఎక్కడో పడి ఉంది, దాన్ని దెబ్బల పక్కకు తీసుకురా.

టెన్షన్ పడకు. నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను, రాశాక పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు