అణుయుద్ధం వస్తుందని అప్పు చేసి బంగారం కొనవచ్చా?

ప్రశ్న: నాకు 43 సంవత్సరాలు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. జీతం 36,000 రూపాయలు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న మా తమ్ముడు అమ్మ మందులకు, ఇంటికి కలిపి నెలకు 12,000 పంపుతాడు. ఇంటి రుణం వాయిదాతో కలిపి నెల ఖర్చు 32,000 అవుతుంది. నెలకు 5,000 సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పెట్టుబడి) కడుతున్నాను. బ్యాంకులో 1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్స్ ఖాతాలో 22,000 ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం ఎప్పుడు అణుయుద్ధంగా మారుతుందోనని భయంగా ఉంది. అదే జరిగితే బ్యాంకులు మూతపడతాయని, నోట్లు చెల్లవని, బంగారం ఒక్కటే అక్కరకు వస్తుందని తెలిసినవారు అంటున్నారు. మా ఆవిడ నగలు కుదువ పెడితే నూటికి రూపాయి వడ్డీకి 4 లక్షలు వస్తాయి. ఇంకొకరు రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తామన్నారు. ఈ 7 లక్షలతో బిస్కెట్ బంగారం కొనాలనుకుంటున్నాను. నెలకు 10,000 వడ్డీ కట్టగలను. డిపాజిట్ కూడా తీసేసి నగదు ఇంట్లో పెట్టుకోమంటారా?

జవాబు: ఆ అప్పు చేయవద్దు. రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నవారికి ఈ వారమే వద్దని చెప్పండి, మీ ఇంటావిడ నగలను బీరువాలోనే ఉండనివ్వండి, డిపాజిట్‌ను ముట్టుకోవద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. దూరదేశంలో యుద్ధం ముదిరిన ప్రతిసారీ ఇటువంటి ఆలోచనతోనే కొందరు నా దగ్గరకు వస్తుంటారు. వారిలో చాలామందికి మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే సొమ్ము కూడా పక్కన ఉండదు గానీ, ప్రపంచం తలకిందులైతే ఏం కొనాలన్న ప్రశ్న మాత్రం సిద్ధంగా ఉంటుంది.

మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన మూడు రోజులకే పుతిన్ తమ అణ్వస్త్ర దళాలను ప్రత్యేక అప్రమత్తతలో ఉంచాలని ఆదేశించారు. మార్చి 4న ఐరోపాలోకెల్లా పెద్దదైన జాపోరిజ్జియా అణువిద్యుత్ కేంద్రం రష్యా సైన్యం చేతిలోకి వెళ్లింది. 2024 నవంబరులో రష్యా తన అణ్వస్త్ర విధానాన్నే సవరించుకొని, అణ్వస్త్రాలున్న దేశం అండతో మరొక దేశం తమ మీద దాడి చేస్తే దానిని ఇద్దరూ కలిసి చేసిన దాడిగానే చూస్తామని ప్రకటించింది. ఇవన్నీ చదివిన గృహస్థుకు ఆందోళన కలగడం సహజమే. అయితే ఆ ఆందోళనకు మీరు ఎంచుకున్న మందు, రోగం కన్నా ముందుగా మీ ఇంటిని దెబ్బతీస్తుంది.

మీ పథకాన్ని రెండు వైపుల నుంచీ చూడండి. మీరు భయపడినట్లే జరిగి, బ్యాంకులూ నోట్లూ ప్రభుత్వమూ పనిచేయని రోజులే వస్తే, పది గ్రాముల బిస్కెట్ తీసుకొని దానికి సరిపడా బియ్యం, మందులు ఇచ్చేవారు ప్రొద్దుటూరులో ఎవరుంటారు, మిగిలిన చిల్లర ఏ రూపంలో ఇస్తారు? అంతటి విపత్తు రాకపోతే, ఇంతవరకూ రాలేదు కూడా, నెలనెలా 10,000 వడ్డీ మాత్రం తప్పకుండా వస్తుంది. అంటే విపత్తు వచ్చినా ఉపయోగపడని, రాకపోతే నష్టపరిచే వస్తువు కోసం మీరు ఏడు లక్షలు అప్పు చేయబోతున్నారు.

లెక్క కూడా చూడండి. 4 లక్షల మీద రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 48,000, 3 లక్షల మీద రెండు రూపాయల వడ్డీ అంటే 72,000, రెండూ కలిపి 1,20,000. బంగారం కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ పోతుంది కాబట్టి 7 లక్షలకు మీ చేతికి వచ్చేది సుమారు 6,80,000 విలువైన బంగారమే. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి 8,20,000 రావాలంటే ధర 20 శాతానికి పైగా పెరగాలి, అప్పటికి మీకు మిగిలేది సున్నా. అమ్మేటప్పుడు అంగడిలో తగ్గించే మొత్తం ఇందులో చేర్చలేదు. పైగా నగలు కుదువ పెట్టి బంగారం కొనడమంటే ఇంట్లో ఉన్న ఎక్కువ బంగారాన్ని అప్పిచ్చేవారి ఇనప్పెట్టెలో పెట్టి, అంతకన్నా తక్కువ బంగారాన్ని వడ్డీ కట్టి ఇంటికి తెచ్చుకోవడమే. ధర పడిందంటే తేడా సొమ్ము కట్టమని నోటీసు వస్తుంది, కట్టలేకపోతే నగలు వేలానికి వెళ్తాయి. యుద్ధం నుంచి కుటుంబాన్ని కాపాడాలని మొదలుపెట్టిన పని ఇంటి ఆడవారి నగలు పోవడంతో ముగియడం నాకు సహించరాని విషయం.

బంగారం ఎప్పుడూ పెరుగుతూనే ఉంది కదా అని మీరు అడగవచ్చు. పసిడి అంగళ్లకు పేరుపడిన ఊరిలో ఉంటూ ఆ మాట వినకుండా ఉండడం కష్టం, ఇటీవలి సంవత్సరాలలో ధర బాగా పెరిగిన మాట కూడా నిజం. కానీ భయం తారస్థాయిలో ఉన్నప్పుడు కొన్నవారి సంగతి వేరు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి ప్రవేశించాక, మూడో ప్రపంచ యుద్ధం తప్పదన్న కలవరంలో 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరింది. ఆ ధరను మళ్లీ దాటింది 2008 జనవరిలో, అంటే 28 సంవత్సరాల తరువాత. రూపాయి విలువ పడిపోతూ రావడం వల్ల ఆ దెబ్బ మనవారికి అంతగా తెలియలేదు గానీ, 24 శాతం వడ్డీ కడుతున్న మనిషికి తెలిసి ఉండేది. ఈ యుద్ధం మొదలైనప్పుడు కూడా ముంబయి వాయిదా మార్కెట్లో పది గ్రాముల ధర 2022 మార్చి 8న 55,000 దాటి, యుద్ధం సాగుతూనే ఉన్నా సెప్టెంబరు నాటికి 50,000 దరిదాపులకు దిగింది. ఆ తరువాత పెరిగింది నిజమే, కానీ ఆ ఆరు నెలలూ అప్పు ఇచ్చినవారు వడ్డీ అడగకుండా ఊరుకోరు.

ఇక బ్యాంకులు మూతపడతాయన్న మాట. యుద్ధం జరుగుతున్న ఉక్రెయిన్‌లోనే ఏం జరిగిందో చూస్తే సరిపోతుంది. దాడి మొదలైన రోజునే ఆ దేశపు కేంద్ర బ్యాంకు నగదు ఉపసంహరణకు రోజుకు లక్ష హ్రివ్నియాల (ఉక్రెయిన్ కరెన్సీ) పరిమితి పెట్టింది, కార్డు చెల్లింపులను మాత్రం కొనసాగించింది. అదే ఏడాది జులైలో తమ కరెన్సీ విలువను తగ్గించి డాలరుకు 36.57 హ్రివ్నియాలుగా నిర్ణయించింది. అంటే క్షిపణులు పడుతున్న నగరాలలో కూడా ప్రజల డిపాజిట్లు మాయం కాలేదు, విలువ కొంత కరిగింది, నగదు తీసుకోవడం కొంత కష్టమైంది. దీని నుంచి మీరు తీసుకోవలసిన పాఠం, ఇంట్లో ఒక 15,000 రూపాయలు చిన్న నోట్లలో ఉంచుకోవడం వరకే. లక్షన్నర తెచ్చి బీరువాలో పెడితే వడ్డీ పోతుంది, దొంగల భయం చేరుతుంది.

మరి దూరదేశపు యుద్ధం ప్రొద్దుటూరు గడపలోకి ఏ దారిన వస్తుంది? 2022లో వచ్చిన దారులు మనకు తెలిసినవే. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది కాబట్టి మొదట వంటింట్లో ధర మండింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 లోపల పెట్రోలు, డీజిలు లీటరుకు పది రూపాయల చొప్పున పెరిగాయి. ఏప్రిల్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. దానిని అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు మే నెలలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరి నాటికి రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు) 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకువెళ్లింది. ఆ రెండున్నర శాతం పూర్తిగా మీ ఇంటి రుణం మీద పడితే, 20 ఏళ్ల గడువున్న 10 లక్షల రుణానికి 7 శాతం దగ్గర 7,750 ఉండే వాయిదా 9,320 అవుతుంది. వాయిదా పెంచకపోతే గడువు ఏళ్ల తరబడి సాగుతుంది. బాంబు ఎక్కడో పడుతుంది, వాయిదా ఇక్కడ పెరుగుతుంది. దీనికి బంగారు బిస్కెట్ విరుగుడు కాదు, చేతిలో ఉన్న సొమ్ము విరుగుడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటవేసిన విషయం. మీ ఇంటి రాబడిలో పావు వంతు కువైట్ నుంచి వస్తోంది. మీరు ఉక్రెయిన్ వైపు చూస్తున్నారు గానీ, మీ ఇంటికి అసలు ప్రమాదం గల్ఫ్ వైపు ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాలలో తీసుకురావలసి వచ్చింది. మన కడప, రాయచోటి ప్రాంతాల నుంచి వెళ్లినవారి ఇళ్లలో ఆ రోజులను గుర్తుంచుకున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కువైట్ దినారును ఇరాక్ రద్దు చేసింది, జీతాలు ఆగిపోయాయి, దాచుకున్న సామాను అక్కడే మిగిలింది. ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ద్వారా తరువాత పరిహారం వచ్చింది గానీ అది సంవత్సరాల తరబడి సాగిన వ్యవహారం. వీసా కోసం అప్పు చేసి వెళ్లినవారి జీతం ఆగింది, వడ్డీ ఆగలేదు. అంత దూరం వెళ్లనక్కరలేదు, 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన రాత్రి కువైట్ కూడా తన గగనతలాన్ని కొద్ది గంటలు మూసివేసింది. ఆ గంటలు నెలలైతే మీ అమ్మగారి మందులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది.

అందుకే మీకు కావలసినది అత్యవసర నిధి, అది కూడా మామూలుగా చెప్పే ఆరు నెలలకు కాకుండా తొమ్మిది నెలల ఖర్చుకు సరిపడేది. నెలకు 32,000 చొప్పున తొమ్మిది నెలలకు 2,88,000 అవుతుంది. మీ దగ్గర ఇప్పటికే డిపాజిట్‌లో, సేవింగ్స్ ఖాతాలో కలిపి 1,72,000 ఉన్నాయి. వడ్డీగా కట్టగలనని మీరు రాసిన ఆ పది వేలనే నెలనెలా పక్కన పెడితే ఏడాదిలో 1,20,000 చేరి మొత్తం 2,92,000 అవుతుంది. అదే సొమ్ము, అదే పన్నెండు నెలలు. ఒక దారిలో ఏడాది చివర మీకు 7 లక్షల అప్పు యథాతథంగా ఉంటుంది, రెండో దారిలో మీ తమ్ముడి జీతం పూర్తిగా ఆగినా, మీ కళాశాలవారు వేసవి జీతాలు ఎగ్గొట్టినా ఎవరి ముందూ చేయి చాచనవసరం లేని స్థితిలో ఉంటారు. ఈ రెండింటిలో ఏది యుద్ధానికి సిద్ధపడడమో మీరే ఆలోచించండి.

కొత్తగా చేర్చే సొమ్మును ఒకే పెద్ద డిపాజిట్‌గా కాకుండా ముప్పై, నలభై వేల చొప్పున వేరువేరు డిపాజిట్లుగా వేయండి. అవసరం పడినప్పుడు ఒక్కదానిని తీస్తే మిగతావి చెదరవు. వీలైతే కొంత భాగం మరొక బ్యాంకులో మీ ఇంటావిడ పేరున ఉంచండి. ఒక బ్యాంకు సేవలు నాలుగు రోజులు స్తంభించినా ఇంకొకటి పనిచేస్తుంది, మీరు అందుబాటులో లేకపోయినా ఆమె సొమ్ము తీసుకోగలుగుతారు. ఈ నిధిని పండుగకు, పిల్లల ఫోనుకు, స్నేహితుడి అవసరానికి తీయవద్దు. నిధి నిండేవరకు ఇంటి రుణాన్ని ముందుగా తీర్చే ఆలోచన కూడా వద్దు.

మిగతా విషయాలు క్లుప్తంగా చెబుతాను. సిప్‌ను ఆపవద్దు. యుద్ధం మొదలైన రోజు ముంబయి షేర్ల సూచీ సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడి 54,529 దగ్గర ముగిసింది, అదే ఏడాది నవంబరు చివరికి 63,000 దాటింది, ఆ రోజు అమ్ముకున్నవారే నష్టపోయారు. ఇప్పటికే ఇంట్లో ఉన్న బంగారం మీ కుటుంబానికి చాలు. ఆరోగ్య బీమా, ఇంటి బీమా పాలసీలు యుద్ధం, అణు ప్రమాదాల వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి కాబట్టి ఆ భయానికి వాటిలో సమాధానం వెతకవద్దు. కానీ 43 ఏళ్ల వయసులో గృహరుణం ఉండి, మీ ఉత్తరంలో టర్మ్ బీమా (గడువులోపు మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) మాటే లేకపోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది. ఇంకా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, మొదటి ప్రీమియం కోసం అవసరమైతే ఒక నెల నిధికి చేర్చే పది వేలు తగ్గినా ఫరవాలేదు.

మీ తమ్ముడికి ఈ వారంలోనే ఫోన్ చేయండి. ఈసీఆర్ (విదేశానికి పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద వెళ్లినవారికి తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఆయనకు ఇంకా అమలులో ఉందో లేదో అడగండి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు ఇచ్చే ఈ పాలసీకి రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే ప్రీమియం కాగా, వెళ్లేటప్పుడు తీసుకొని గడువు తీరాక మరచిపోయినవారు చాలామంది ఉంటారు. ఆయన పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, బ్యాంకు ఖాతా వివరాల నకళ్లు ఒక సెట్టు తెప్పించుకొని మీ ఇంటావిడ దగ్గర ఉంచండి. అక్కడ ఆయన పేరున అప్పు ఏదైనా ఉంటే దాని వాయిదా ఎంతో కూడా అడిగి, ఆ మొత్తాన్ని మీ తొమ్మిది నెలల లెక్కలో కలపండి.