పన్నెండు ఫొటోల కోసం అరెకరం తోట అమ్మాలా?

నల్గొండ జిల్లా గుర్రంపోడు మండలం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. కొంత కుదించాను.

"మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ పూర్తి చేసింది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసింది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు రావచ్చని లెక్చరర్లు అంటున్నారు. ఈలోగా ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటికే వచ్చి బ్రోచర్ ఇచ్చి వెళ్లారు. వాళ్ల దగ్గర పీజీ చేసి పెద్ద స్థానాలకు చేరిన పన్నెండు మంది ఫొటోలు అందులో ఉన్నాయి. రెండేళ్లకు హాస్టల్‌తో కలిపి 6 లక్షల పైనే అవుతుంది. బత్తాయి తోటలో అరెకరం అమ్మితే సరిపోతుంది. మన నల్గొండలో పీజీ చదివి అంత ఎత్తుకు వెళ్లినవాళ్లు ఎవరున్నారు సార్? లేకపోతే అమ్మేయమంటారా?"

అయ్యా, ముందు తోట సంగతి. ఇప్పుడే బేరం పెట్టకండి. కారణాలు తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది: "అంత ఎత్తుకు వెళ్లినవాళ్లు ఎవరున్నారు?" మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. అడ్మిషన్ల రోజుల్లో నా బల్ల ముందు కూర్చున్న ప్రతి తండ్రీ ఏదో ఒక రూపంలో అడిగిన ప్రశ్నే ఇది. అడగడంలో తప్పు లేదు. వచ్చే జవాబును ఎలా చదవాలన్నదే చిక్కు.

మీరు బత్తాయి రైతు కాబట్టి మీకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. అంట్ల కోసం వెళితే నర్సరీవాళ్లు గేటు పక్కన విరగకాసిన సాత్‌గుడి చెట్టును ఒకదాన్ని చూపిస్తారు. ఆ ఒక్క చెట్టును చూసి మీరు వంద అంట్లు కొనరు. రంగపూర్ నిమ్మ వేరుమొక్క మీద కట్టినవేనా అని అడుగుతారు. నాలుగైదేళ్ల కిందట అక్కడే కొన్న రైతు ఎవరో కనుక్కుని, ఆయన తోటకు వెళ్లి, వందలో ఎన్ని బతికాయో, ఎన్ని కాపుకొచ్చాయో లెక్కపెడతారు. పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంత తెలివినీ ఇంట్లోనే వదిలేసి, గేటు పక్క చెట్టు చూసి డబ్బు కట్టేస్తాం.

మీ అమ్మాయిది కెమిస్ట్రీ కనుక ఆ దారిలో వెళ్లిన ఒక మనిషిని చూద్దాం. కల్లం అంజిరెడ్డిది తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుటుంబం. గుంటూరులో బీఎస్సీ, బొంబాయి విశ్వవిద్యాలయపు రసాయన సాంకేతిక విభాగం యూడీసీటీలో ఔషధాల తయారీ చదువు, పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పరిశోధన. 1969లో పీహెచ్‌డీ వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. పట్టా చేతికి వచ్చాక ఆ కంపెనీ పుట్టడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆయన మొదట హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశారు, తర్వాత చిన్న కంపెనీలతో చేయి కాల్చుకుంటూ, నేర్చుకుంటూ గడిపారు. ఆయన కంపెనీ ముడి ఔషధాల కర్మాగారం ఒకటి మీ జిల్లాలోనే, త్రిపురారం మండలం పెద్దదేవులపల్లిలో ఉంది. మీరు చూసే ఉంటారు. ఈ జీవితం బ్రోచర్‌లోకి ఎక్కితే "మా పూర్వ విద్యార్థి, వ్యవస్థాపకుడు" అన్న నాలుగు మాటలకు కుదించుకుపోతుంది. ఆ పదిహేనేళ్లు రాలిపోతాయి. మీ అమ్మాయికి పనికొచ్చేది ఆ రాలిపోయిన భాగమే.

ఇంకొకరి కథ చెప్పకుండా ఉండలేను. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎమ్మే చేశారు, మంచి మార్కులతో. ఉద్యోగం దొరకలేదు. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుడి పని కోసం కలకత్తా వెళ్లారు. అది రాలేదు. ఆ ఊళ్లోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో అక్కడ శిక్షణలో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన పరిశోధన పత్రంలోని సూత్రాలు ఇవాళ ప్రపంచమంతా గణాంకశాస్త్రంలో పాఠాలు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందేనాటికి ఆయనకు నూరేళ్లు దాటాయి. జీవితాన్ని మలుపు తిప్పింది రాని ఉద్యోగం. ఏ కళాశాల ఫ్లెక్సీ మీదా అది ఉండదు.

ఒక్కోసారి ఈ జాబితాలు చూస్తే నవ్వు కూడా వస్తుంది. సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఇంజినీరింగ్, అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీలో ఎంఎస్, షికాగో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేశారు. మూడు చోట్లా ఆయన మావాడే అంటారు. ఒకే పంటను మూడు కళ్లాల్లో లెక్క రాసుకున్నట్టు! ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014లో అధిపతి అయ్యారు. ఆ ఇరవై రెండేళ్ల పనిలో ఏ కళాశాల వాటా ఎంతో ఎవరు తేల్చగలరు? దువ్వూరి సుబ్బారావు కాన్పూర్ ఐఐటీలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ. 1972లో సివిల్స్‌లో మొదటి ర్యాంకు, తర్వాత అమెరికాలో అర్థశాస్త్రం, 2008లో రిజర్వు బ్యాంకు గవర్నరు. ఆయన్ను చూపించి "మా దగ్గర ఫిజిక్స్ చదివితే రిజర్వు బ్యాంకు" అని ఎవరైనా అంటే మీరు నమ్మరు కదా. మీ బ్రోచర్‌లోని పన్నెండు ఫొటోల్లో ఎన్ని ఇలాంటివో చూడండి. నాకు తెలిసిన ఒక సంస్థ, నా పాత విద్యార్థి ఒకడు అక్కడ ఆరు వారాల శిక్షణ తీసుకున్నాడన్న పాపానికి వాడి ముఖాన్ని రోడ్డు కూడలిలో నిలువెత్తున వేసింది. వాడే ఫోన్ చేసి చెప్పి నవ్వాడు.

ఇక నల్గొండ. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, మా పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో. అంతకు ముందు నల్గొండలో ఉన్నది ఉస్మానియా పీజీ సెంటర్ కాబట్టి, అక్కడ చదివినవాళ్ల ఘనతంతా 1918లో పుట్టిన ఉస్మానియా ఖాతాలోకి వెళ్లిపోయింది. 2007 తర్వాత తొలి బ్యాచ్‌లలో చదివినవాళ్లకు ఇప్పుడు నలభై ఏళ్ల అటూ ఇటూ. నాదెళ్లకే ఇరవై రెండేళ్లు పట్టిందని ఇప్పుడే అనుకున్నాం. ఇంకా కాపు వయసు నిండని తోటలోకి వెళ్లి లారీ లోడు ఏదని అడగడం న్యాయం కాదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. కెమిస్ట్రీ పుస్తకాల్లో మీ జిల్లా పేరుతో ఒక పద్ధతి ఉందని మీ అమ్మాయి మీకు చెప్పిందా? "నల్గొండ టెక్నిక్" అంటారు. తాగే నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, గిలకొట్టి, తేర్చి, వడగట్టి తీసేసే పద్ధతి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, దీన్ని రూపొందించింది. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. దానికి లోపాలూ ఉన్నాయి: బురద మిగులుతుంది, పటిక మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం పెరుగుతుంది, రోజూ చూసుకునే మనిషి ఉండాలి. అయినా విద్యుత్తు లేని ఊళ్లో రెండు బకెట్లతో చేయగలిగిన రసాయనశాస్త్రం అది. దాని మీద పనిచేసినవాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? నేను ఏటా ఆ పాఠం చెప్పినప్పుడు పిల్లలను అడిగేవాణ్ని. ఒక్కరూ చెప్పలేదు. ఏ బ్రోచర్‌లోనూ ఫొటో లేని ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు మీ జిల్లా పిల్లల పళ్ల కోసం, ఎముకల కోసం చేసిన పని అది.

సరే, ఇప్పుడు చేయవలసిన పని. ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయం పేరు విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల్లో ఉందేమో చూడండి. ఉంటే, అది కేంద్రానికి సమర్పించిన లెక్కల పత్రం దాని వెబ్‌సైట్‌లో ఉండాలి. రెండేళ్ల పీజీ అన్న పట్టికలో ఎంతమంది కోర్సు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత అన్నవి మూడేళ్లకు వరుసగా ఉంటాయి. అన్ని పీజీలూ కలిపిన అంకెలవి. కెమిస్ట్రీకి విడిగా ఎంతో కార్యాలయంలో అడగండి, కాగితం మీద ఇమ్మనండి.

మీడియన్ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పది మంది చదివారనుకోండి. తొమ్మిది మందికి నెలకు 20,000, ఒక్కరికి 3 లక్షలు. కూడి పదితో భాగిస్తే సగటు 48,000. బ్రోచర్‌లో అచ్చయ్యేది ఈ సగటు, లేదా ఆ 3 లక్షలు. పది మందినీ జీతం ప్రకారం వరుసలో నిలబెట్టి నడుమ ఉన్నవాళ్లను అడిగితే వచ్చేది 20,000. అదే మీడియన్. మీ అమ్మాయి ఆ వరుసలో ఎక్కడ నిలబడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి నడుమ ఉన్నవాళ్ల లెక్కే మీకు కావాలి.

దీనికన్నా విలువైన పని ఒక ఫోన్. రెండు చోట్లా మూడేళ్ల కిందట కెమిస్ట్రీ పూర్తి చేసినవాళ్లను ముగ్గురేసి పట్టుకోండి. నల్గొండలో చదివినవాళ్లు చౌటుప్పల్, జడ్చర్ల వైపు మందుల కంపెనీల్లో దొరుకుతారు. మీరు కాదు, మీ అమ్మాయే మాట్లాడాలి. మీరైతే జీతం ఒక్కటే అడుగుతారు. మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకు వచ్చింది? మందుల్లోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద నీ చేత్తో ఎన్నిసార్లు నమూనా నడిపావు, దూరం నుంచి చూశావా? ప్రాజెక్టు ఎక్కడ చేశావు? బ్యాచ్‌లో ఇంకా కెమిస్ట్రీలోనే ఉన్నవాళ్లు ఎంతమంది? అమ్మాయిలకు రాత్రి షిఫ్టు, బస్సు, హాస్టల్ సంగతి ఏమిటి? చివరగా, మళ్లీ అవకాశం వస్తే అక్కడే చేరతావా? ఈ ప్రశ్నకు వాళ్లు ఎంతసేపు తటపటాయించారో కూడా రాసుకోమనండి.

నా అంచనా అడుగుతున్నారు కాబట్టి దాచను. సాధారణ ఎమ్మెస్సీకి 6 లక్షలు పెట్టదగినంత తేడా ఆ రెండు చోట్ల మధ్య ఉంటుందని నాకు అనిపించడం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్మకండి. పట్టికలోని అంకెలు, సీనియర్ల మాటలు నిజంగా బాగుంటే అప్పుడు కూడా భూమి జోలికి పోవద్దు, బ్యాంకుకు వెళ్లండి. 4 లక్షల లోపు విద్యారుణానికి సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. అప్పు తీర్చవచ్చు, అమ్మిన తోట తిరిగి రాదు.

నల్గొండలో చేరితే మిగిలే డబ్బులో కొంత ఖర్చుపెట్టమనే అంటాను. రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో అమ్మాయి ఏదైనా ప్రయోగశాలలో రెండు నెలలు పనిచేయాలి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ మీకు బస్సు దూరమే. అక్కడ అవకాశం సులభంగా రాదు. పది మంది శాస్త్రవేత్తలకు రాస్తే ఒకరు జవాబిస్తారు, ఆ ఒక్కరు చాలు. ఊళ్లో ఉండి ఆ రెండు నెలలు పెళ్లిళ్లకు తిరగకుండా చూసే పూచీ మాత్రం మీది.

ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, అంటే పరిశోధనకూ లెక్చరర్ అర్హతకూ జాతీయ స్థాయిలో పెట్టే పరీక్ష. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే పరిశోధనకు మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. నెట్ రాకపోయినా ఆ చదువు జూనియర్ లెక్చరర్ పరీక్షకూ, కంపెనీ ఇంటర్వ్యూకూ అక్కరకొస్తుంది. మూడు దారులకూ ఒకే దుక్కి.

ఈ పేరా అమ్మాయికి చదివి వినిపించండి. అమ్మా, నీకు ఆ పన్నెండు మందిలో ఎవరైనా నచ్చితే వాళ్ల బతుకును వెనక నుంచి చదువు. ఇవాళ్టి పదవి, దానికి ముందు ఏం చేశారు, దానికి ముందు, అంతకు ముందు, అలా ఇరవై మూడేళ్ల వయసు దాకా వెళ్లు. అక్కడ వాళ్లు ఏ పనిలో ఉన్నారో కాగితం మీద రాసుకో. ఆ పని నీకు గుర్రంపోడు నుంచి ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది. నేను నా విద్యార్థుల చేత ఇది చేయించినప్పుడు చాలామందికి ఆ దూరం అనుకున్నదానికన్నా తక్కువగా కనిపించింది. కొందరికి అసలు ఆ పదవే వద్దనిపించింది, అదీ మంచిదే.

సీపీగెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే గడువు దాటనివ్వకండి. ప్రైవేటువాళ్లు "ఈ వారంలో కడితే రాయితీ" అని ఫోన్ చేస్తూ ఉంటారు, చేయనివ్వండి. ఆరుగురు సీనియర్లతో మాట్లాడాక ఆ జవాబులు నాకు పంపండి. మీ అమ్మాయి చేతిరాతలోనే పంపండి, టైపు చేయించక్కర్లేదు.