ట్రంకుపెట్టెలో తాతగారి బొమ్మలు: అమ్మాలా, మ్యూజియానికివ్వాలా, ప్రదర్శన పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ తాతగారు నరసన్నపేట వైపు డ్రాయింగ్ మాస్టారు. ఆయన వేసిన వాటర్ కలర్ బొమ్మలు వందకు పైగా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మ 118 కోట్లకు పోయిందని పేపర్లో చూసిన దగ్గర్నుంచీ మీ బాబాయిలు అమ్మేద్దామంటున్నారు. మీకేమో మ్యూజియానికివ్వాలనో, ఊళ్ళో ఒక ప్రదర్శన పెట్టాలనో ఉంది.

మాది విజయనగరం. మా మేనమామ కూడా డ్రాయింగ్ మాస్టారే, ఆయన పోయాక బొమ్మలన్నీ మా అటక మీదికే చేరాయి. నేను ఆర్ట్ డీలర్‌ని కాను, ప్రదర్శనలు అమర్చే క్యూరేటర్‌ని కాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మావయ్య బొమ్మలతో వరసగా తప్పులు చేశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పగలను.

ముందు ఆ 118 కోట్ల సంగతి. అది హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర'. దాదాపు 14 అడుగుల పొడవు. అప్పట్లో ఢిల్లీలో పనిచేస్తున్న ఒక డాక్టరు కొని నార్వే తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర్నుంచి అది ఓస్లోలో ఒక ఆసుపత్రికి చేరి, దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయింది. 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ అనే వేలం సంస్థ వాళ్ళు వేలం వేస్తే 1.375 కోట్ల డాలర్లు పలికింది. పెద్ద పేరు, పెద్ద బొమ్మ, సరే. కానీ అది వేసిన రోజు నుంచీ ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో అంతా తెలుసు. పొలానికి లింకు డాక్యుమెంట్లు ఎలాగో బొమ్మకు ఇది అలాగ. లింకు తెగితే ఎంత మంచి పొలమైనా బ్యాంకు అప్పివ్వదు, ముప్ఫై ఏళ్ళు ఆ సీట్లో కూర్చున్నాను.

అదే ఏడాది గాయ్‌తోండే బొమ్మ ఒకటి 67 కోట్లు, తయ్యబ్ మెహతాది ఒకటి 61.8 కోట్లు పలికాయి. ఈ పేర్లన్నీ ఒకే తరానివి, బొంబాయిలో ప్రోగ్రెసివ్ అనే ఆధునిక చిత్రకారుల బృందం చుట్టూ తిరిగినవాళ్ళవి. మార్కెట్ పెరిగిందంటే ఆ కొద్దిమంది వరకే అని అర్థం చేసుకోండి. విశాఖలో బంగళా రేటు పెరిగిందని మన ఊళ్ళో పెంకుటిల్లు రేటు పెరగదు కదా. 2025 సెప్టెంబరులో చేత్తో వేసిన బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచిదే, కానీ మీ ట్రంకుపెట్టెకు దానివల్ల రెక్కలేం రావు.

ఇక నా మొదటి తప్పు. మావయ్య పోయిన ఏడాదికి ఒక పెద్ద ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. పాత సామాన్లు, రాగి బిందెలు, తంజావూరు పటాలు కొంటాడట. మావయ్య బొమ్మలు చూసి ఐదు ఏరుకుని పన్నెండు వేలు చేతిలో పెట్టాడు. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళ బొమ్మ ఒకటి, కళింగపట్నం లైట్‌హౌస్ ఒకటి, సిరిమానోత్సవం ఒకటి, మిగతా రెండూ నాకు గుర్తు కూడా లేవు. గుర్తు లేకపోవడమే ఇక్కడ అసలు విషయం. ఫోటో తీయలేదు, కాగితం రాయించుకోలేదు. మూడేళ్ళ తర్వాత మా అమ్మాయి ఒక వెబ్‌సైట్‌లో ఆ తప్పెటగుళ్ళ బొమ్మ చూపించింది. కింద 'అజ్ఞాత చిత్రకారుడు, ఆంధ్ర' అని ఉంది. ధర నాకిచ్చినదానికి చాలా రెట్లు. డబ్బు కన్నా ఆ 'అజ్ఞాత' అన్న మాటకే ఎక్కువ బాధేసింది. బొమ్మ వెనక మావయ్య పేరు, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాసుండేవి, దాని మీద కొత్త అట్ట అతికించి ఫ్రేమ్ కట్టేశారని నా అనుమానం. అది మా మావయ్యదే అని చూపించడానికి నా దగ్గర ఏముంది? ఏమీ లేదు.

మన కాపీరైట్ చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ ఉంది. ఒరిజినల్ బొమ్మ తిరిగి అమ్ముడైనప్పుడు ధర పదివేలు దాటితే, వేసినవారికి, వారు లేకపోతే వారసులకు అందులో వాటా అడిగే హక్కుంది, పది శాతం మించకుండా. బొమ్మ అమ్మేసినా కాపీరైట్ మీ దగ్గరే ఉంటుంది, రాసిచ్చేస్తే తప్ప. వేసినవారు పోయాక అరవై ఏళ్ళ దాకా. ఈ రెండూ నాకు ఆలస్యంగా తెలిశాయి. తెలిసినా చేతిలో ఫోటో లేనివాడు ఏం అడుగుతాడు!

కాబట్టి మీరు ముందు చేయాల్సింది అమ్మడమూ కాదు, ఇవ్వడమూ కాదు. ప్రతి బొమ్మనీ తిప్పి వెనక చూడండి. ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒక ఫోటో, కొలత, నంబరు. నంబరు మెత్తటి పెన్సిల్‌తో వెనక ఒక మూల వేయండి, బాల్‌పెన్‌తో వద్దు, స్టిక్కర్ అసలే వద్దు. మావయ్య బొమ్మ ఒకదాని వెనక 'కళింగపట్నం, ఎండ ఎక్కువ, నీలం చాల్లేదు' అని ఉంది. ఆ ఒక్క ముక్క చదివాకే ఆ బొమ్మలో సముద్రం సగం తెల్లగా ఎందుకుందో అర్థమైంది. అన్నాళ్ళూ వదిలేసిన బొమ్మ అనుకున్నాం.

భద్రం చేయడం గురించి: తిత్లీ తుపాను 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి మా పిన్ని వాళ్ళింట్లో ఉన్న ముప్ఫై బొమ్మలు తడిశాయి. కరెంటు లేని రోజుల్లో పాపం ఆవిడ వాటిని ఎండలో ఆరబెట్టింది. అట్టల్లా వంకర్లు పోయాయి, రంగు వెలిసింది. నీడలో, గాలి తగిలేలా, బల్లపరుపుగా ఆరబెట్టాల్సింది. అంతకన్నా ఘోరం, మిగిలినవి పాడవకూడదని మా బావగారి అబ్బాయి నాలుగింటికి లామినేషన్ చేయించాడు. ఎంత ప్రేమగా చేశాడో! లామినేషన్ చేసిన వాటర్ కలర్ ఇక అంతే, విడదీయలేం. సెల్లోటేప్ కూడా అంతే, పదేళ్ళకు పసుపు మరక కాగితంలోకి దిగిపోతుంది. ఫ్రేమ్ కట్టిస్తే గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్, అంటే చుట్టూ అట్ట చట్రం, వేయించండి, మన సముద్రపు తేమకి లేకపోతే కాగితం గాజుకు అతుక్కుపోతుంది.

మ్యూజియం అంటారా. ఇవ్వచ్చు. కాకపోతే ఏ మ్యూజియంలోనైనా గోడ మీద కనిపించేది కొంతే, ఎక్కువ భాగం స్టోర్‌లోనే ఉంటుంది. నేను ఒక చోట పది బొమ్మలిచ్చి, దండ వేయించుకుని, ఫోటో దిగి వచ్చాను. రెండేళ్ళకు వెళ్ళి అడిగితే ఆ రిజిస్టర్ ఎవరి దగ్గరుందో అక్కడున్నవాళ్ళు చెప్పలేకపోయారు. మీరు ఇచ్చేటప్పుడు ఒక్కో బొమ్మకూ వాళ్ళ రిజిస్టర్ నంబరు వేసి సంతకం పెట్టిన జాబితా తీసుకోండి. మొహమాటపడకండి.

మీకున్న మూడు దారుల్లో నా మొగ్గు ప్రదర్శనకే. మేం సిరిమాను ఉత్సవం వారంలో పెట్టాం, ఊరంతా జనం ఉంటారని. కల్యాణమండపం మేడమీద హాలు, అద్దె నాలుగు రోజులకి. మొదట నేను తొంభై బొమ్మలు తగిలించాను, కూరల సంతలాగా. ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రాడొకడు చూడటానికొచ్చి, "అంకుల్, యాభై తీసెయ్యండి" అన్నాడు. కోపమొచ్చింది, కానీ తీశాను. మిగిలినవాటిని తేదీ వరసలో కాకుండా ఊళ్ళ వరసలో పెట్టించాడు: నాగావళి ఒడ్డు, బొబ్బిలి, పాలకొండ సంత, సముద్రం. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో, అన్నీ ఒకే గీత మీద. కిటికీలకు తెర వేయించాడు, ఎండ తగిలితే వాటర్ కలర్ వెలిసిపోతుందని. క్యూరేటర్ అంటే ఏం చేస్తాడో నాకు ఆ రోజే తెలిసింది. తగిలించడం కన్నా తీసెయ్యడమే ఎక్కువ పని.

కార్డుల మీద వివరాలు తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాశాం. బొమ్మలో ఉన్నది ఎవరో తెలిస్తే వాళ్ళ పేరు కూడా. మూడో రోజు పాలకొండ వైపు నుంచి ఒక ముసలావిడ మనవడితో వచ్చి, చేపల గంపతో ఉన్న పిల్ల బొమ్మ ముందు ఆగిపోయి, "ఇదేటి, మా అప్ప కాదా!" అంది. వెనక రాసున్న ఊరూ కలిసింది. ఆ బొమ్మకి అప్పటిదాకా 'చేపల పిల్ల' అని కార్డు పెట్టాం, వెంటనే మార్చాం.

మీ పెట్టెలో సీతంపేట వైపు సవర గిరిజనుల గోడబొమ్మల్ని చూసి వేసినవి కూడా ఉన్నాయన్నారు. జాగ్రత్త. ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో వేసేవి వాళ్ళ పూజకు సంబంధించినవి, అలంకారానికి వేసేవి కావు. ఏ ఊళ్ళో, ఎవరింట్లో చూసి వేశారో రాయండి, వీలైతే ఆ ఊరివాళ్ళకు ముందు చూపించండి. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం మొదలైనప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసీల బొమ్మల్నీ నగరాల చిత్రకారుల బొమ్మల్నీ పక్కపక్కనే పెట్టారు. అలాంటి చోటి నుంచే గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు బయటికొచ్చింది. 'గిరిజన కళ' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, మావయ్యని 'అజ్ఞాత' అన్నవాడికీ మనకీ తేడా ఏముంది?

పత్రికల ముఖచిత్రాలకు పేరుపొందిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలు రెండున్నాయన్నారు. భూతద్దం పెట్టి చూడండి. సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తే అది పత్రిక ముఖచిత్రం కత్తిరించి కట్టిన ఫ్రేమ్. మా ఇంట్లోనూ ఒకటుంది, ఒరిజినల్ అని ఇరవై ఏళ్ళు మురిశాం. శ్రీకాకుళంలో పుట్టినాయన, మన ఇళ్ళలో సగం గోడలు ఆయనవే మరి.

మీ బాబాయిలకు ఒక్క మాట చెప్పండి. అమ్మినా, తలో ముప్ఫై పంచుకున్నా అభ్యంతరం లేదు, కానీ ముందూ వెనకా ఫోటోలు తీసి, నంబర్లు వేసి, ఏ నంబరు ఎవరింట్లో ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి, అందరూ సంతకం పెట్టాకే. మాకు రెండు ఆదివారాలు పట్టింది. మీకు వందేగా, ఒక్క రోజులో అయిపోతుంది. ఫోన్లో ఛార్జింగ్ ఉంచుకోండి.