నెలనెలా కొలిస్తే టెన్షనే పెరుగుతుంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా బాబుకి పన్నెండేళ్లు నిండాయి, ఏడో తరగతి. క్లాసులో ఆడపిల్లలు కూడా వీడికంటే పొడుగైపోయారు. దర్వాజా పక్కన గోడ మీద ప్రతినెలా ఒకటో తారీఖున పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాస్తున్నాను. పోయిన జూన్‌లో 134.5 సెంటీమీటర్లు ఉన్నాడు, ఈ జూన్‌లో 140. కానీ జులైలో కొలిస్తే 139.5 వచ్చింది! ఎక్కడైనా ఎత్తు తగ్గుతుందా? మావారు 168, నేను 154. మా అత్తయ్య టీవీలో చూపించే పొడి పాలల్లో కలిపి ఇవ్వమంటారు, మావారేమో కడ్డీ పట్టుకుని వేలాడమని రోజూ వాడి వెంటపడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఓ తల్లి, కరీంనగర్

జవాబు: జవాబు మీ గోడ మీదే ఉందమ్మా. జూన్ నుంచి జూన్‌కి అయిదున్నర సెంటీమీటర్లు. ఈడు రాకముందు పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు, మీవాడూ అంతే పెరిగాడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ఇప్పుడు ఇంత ఉన్నాడు" అని ఒక్క అంకె పట్టుకుని వస్తారు, దాంతో నేను చెప్పగలిగేది తక్కువ. ఏడాదికి ఎంత పెరిగాడన్నదే నాకు కావాలి.

ఇక జులైలో తగ్గిన అర సెంటీమీటరు సంగతి. ఏడాదికి అయిదు అంటే నెలకి నాలుగు మిల్లీమీటర్లు. పొద్దున లేచినప్పటికీ సాయంత్రానికీ మనిషి ఎత్తులోనే దాదాపు ఒక సెంటీమీటరు తేడా రావచ్చు, నిలబడీ తిరిగీ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు అణుగుతాయి కాబట్టి. దానికి తోడు గడ్డం కాస్త పైకెత్తాడా, మడమలు గోడకి ఆనాయా అన్నవి కూడా. అంటే నెలనెలా మీరు కొలుస్తున్నది వాడి ఎదుగుదల కాదు, కొలతలో వచ్చే పొరపాటే. ఆరు నెలలకోసారి చాలు. ఏడాది తేడాతో లెక్క కడితే ఇంకా మంచిది.

కొలిచేటప్పుడు కింద స్కర్టింగ్ టైల్ లేని గోడ చూసుకోండి, ఎందుకంటే అది ఉంటే మడమలు ముందుకొచ్చేస్తాయి. చెప్పులు, సాక్సులు తీసి, మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి నేరుగా ముందుకు చూడమనండి. కింది కనురెప్పా చెవి రంధ్రమూ ఒకే ఎత్తులో ఉంటే తల సరిగ్గా ఉన్నట్టే. నెత్తి మీద స్కేలు పెడితే ఎటో ఒకవైపు వాలిపోతుంది, లావు అట్ట పుస్తకం ఒక అంచు గోడకి ఆనించి దించండి. టైలర్ల టేపు సాగుతుంది, ఇనుప టేపు వాడండి. ప్రతిసారీ అదే వేళకి, రెండు మూడు సార్లు కొలిచి సగటు రాయండి.

మీ ఇద్దరి ఎత్తూ కలిపి, అబ్బాయి కాబట్టి 13 కలిపి సగం చేస్తే 167.5 వస్తుంది, పెద్దయ్యాక వాడి ఎత్తుకి అది అంచనా. అమ్మాయికైతే 13 తీసేసి సగం చేస్తాం. ఇది జాతకం కాదు, ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన దేశంలోని 5 నుంచి 18 ఏళ్ల పిల్లలకి వేసిన ఎత్తు చార్టులో (వయసుకి తగ్గ ఎత్తులు గీతలుగా ఉంటాయి) చూస్తే 140 అట్టడుగు గీతకి బాగా పైనే ఉంది. క్లాసులో ఆడపిల్లలంటారా, వాళ్లకి ఈడు వచ్చేటప్పటి ఎదుగుదల ఊపు అబ్బాయిలకంటే సుమారు రెండేళ్లు ముందే వస్తుంది. మీవాడి వంతు ఇంకా రాలేదు. అబ్బాయిల్లో ఈడుకి మొదటి గుర్తు మీసం కాదు, వృషణాలు పెద్దవి కావడం. పద్నాలుగు నిండినా అది మొదలవకపోతే అప్పుడు తీసుకురండి.

పొడి ఎత్తు పెంచదు. తిండి సరిగ్గా తినని పిల్లలకి తిండి పెట్టాలి, అంతే: పప్పు, గుడ్డు, పాలు. కడ్డీకి వేలాడితే చేతులకి బలం వస్తుంది, మీవారికి అంతకుమించి ఆశ వద్దని చెప్పండి. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా గాఢనిద్రలో విడుదలవుతుంది కాబట్టి వేలాడే ఆ పావుగంట నిద్రపోనిస్తే నయం.

ఎప్పుడు రావాలంటే, ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, చార్టులో ఒక గీత వెంట వెళ్తున్నవాడు కిందికి జారుతున్నా, ఎత్తు ఆగి ఒళ్లు మాత్రం వస్తున్నా (థైరాయిడ్ చూడాలి). అప్పుడు రక్తపరీక్షలు, ఎడమ చేతి ఎక్స్‌రే తీయిస్తాం. ఎముకల వయసు అందులో తెలుస్తుంది. ఎముకల చివర్లు అతుక్కుపోయాక ఏ మందుతోనూ ఎత్తు పెరగదు, అందుకే పదహారేళ్లకి వచ్చి ఇంజక్షన్ అడిగేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

ప్రశ్న: మా పాపకి ఏడున్నరేళ్లు. ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది, క్లాసులో అందరికంటే పొడుగు. మాకు సంతోషంగానే ఉంది, కానీ ఛాతీ కూడా కొంచెం పెరిగినట్టు అనిపిస్తోంది. పర్లేదా?
- పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగకండి, ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించండి. ఎనిమిదేళ్లలోపు ఛాతీ పెరగడం, దానితో పాటు ఇంత వేగంగా ఎదగడం ఉంటే ఈడు తొందరగా మొదలైందేమో చూడాలి. ఇలాంటి పిల్లలు ఇప్పుడు పొడుగ్గా కనిపించినా ఎముకలు ముందే ముదిరి ఎదుగుదల తొందరగా ఆగిపోవచ్చు. అవసరమైతే ఈడుని కొంతకాలం ఆపే మందులున్నాయి. ఇప్పటిదాకా రాసుకున్న కొలతలన్నీ తేదీలతో సహా తీసుకెళ్లండి, స్కూల్లో తీసినవి కూడా.